చుట్టున్నర తక్కువ

కొత్త రేడియేటరు వేయించి అప్పటికి సరిగ్గా ముప్పై ఒక్క రోజులు. ఆ సోమవారం మధ్యాహ్నం, తుంటి విరిగి మంచం పట్టిన ఒక రోగి ఇంటికి ఎక్కే ఏటవాలు రోడ్డు మీద, ఆమె కారులో వేడిని చూపే ముల్లు రోజూ ఆగే చోట ఆగలేదు. సగం దాటింది. ముప్పావు దాటింది. ఎర్రగీతను తాకీ తాకనట్టు నిలబడింది. ఆమె కారును పక్కకు తీసి, ఇంజను ఆపి, బానెట్ జోలికి పోకుండా, చేతిగడియారం వంక చూస్తూ ముప్పావుగంట కూర్చుంది. బానెట్ అంచుల్లోంచి సన్నని ఆవిరి లేచింది. ఏదో తీయని వాసన కారంతా పరుచుకుంది.

వృత్తిరీత్యా ఆమె ఫిజియోథెరపిస్టు. ఒక పునరావాస కేంద్రంలో ఉద్యోగం. నడవలేని రోగుల ఇళ్లకు తన కారులోనే వెళ్లి వ్యాయామం చేయిస్తుంది. ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆమె, వంతెనల పని మీద నెలలో ఇరవై రోజులు బయటే ఉండే భర్త, మామగారు. అందువల్ల చాలా రోజులు ఆ ఇల్లంటే ఒక కోడలు, ఒక మామగారు, వాళ్లిద్దరి మధ్య తెగని ఒక వాదన.

రేడియేటరు వేసింది ఆమె మరిది, అంటే చెల్లెలి భర్త. అతను పదకొండేళ్లు పనిచేసిన షెడ్డు నాలుగు నెలల కిందట మూతపడింది. అప్పటినుంచి తన ఇంటి ముందు సందులోనే, ఎవరో ఒకరి బండి కింద పడుకుని కనిపిస్తున్నాడు. పునరావాస కేంద్రంలో రోగులను తిప్పే వ్యాన్లు మూడున్నాయి. వాటిని చూసుకునే మెకానిక్ ఉద్యోగం మానేయడంతో అతను దరఖాస్తు పెట్టుకున్నాడు. కేంద్రం మేనేజరు, కళ్లజోడును గొలుసుకు కట్టి మెడలో వేసుకునే ఒక కచ్చితమైన ఆవిడ, కోడలిని గదిలోకి పిలిచి చెప్పారు:

"బంధువని అడగట్లేదు. మీ కారు అతను చేశాడు కాబట్టి అడుగుతున్నా. పనిమంతుడా కాదా, శుక్రవారం లోపు రెండు ముక్కలు రాసివ్వండి. అందులో ఏముంటే అదే నా నిర్ణయం."

అదే రోజు ఆ ముల్లు ఎర్రగీత దాకా వెళ్లింది.

సాయంత్రం వరండాలో ఆమె ఆవిరి సంగతి చెప్పగానే మామగారు వార్తాపత్రిక మడతపెట్టి, కళ్లద్దాల మీదుగా ఆమెను చూశారు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఒక కర్మాగారంలో నలభై ఏళ్లు బాయిలర్ కనిపెట్టుకుని ఉన్న మనిషి ఆయన. ఆవిరి మాట వినబడితే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

"ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"ఎక్కేటప్పుడు."

"ఊఁ."

"ఆ ఊఁ ఏంటి మామయ్యా?"

"ఏం లేదమ్మాయ్. కొత్తదన్నాడు కదూ?"

"కొత్తదే."

"పెట్టె విప్పుతుంటే నువ్వు చూశావా?"

"నేను పనికెళ్లాను. వచ్చేసరికి బిగించేశాడు."

"ఊఁ" అన్నారు మళ్లీ. మొదటి ఊఁ కన్నా ఇది కొంచెం పొడుగు.

"సొంతవాళ్లకి పాతది వేస్తాడా?"

"అబ్బాయి సంగతి నాకు తెలీదు. లోకం సంగతి చెప్తున్నా. సొంతవాళ్లకే వేస్తారు. బయటివాడైతే మర్నాడొచ్చి చొక్కా పట్టుకుంటాడు. నువ్వు పట్టుకుంటావా? కాఫీ ఇచ్చి పంపిస్తావు."

ఆ మాటకు కోడలు నవ్వింది. వంటగదిలోకి వెళ్లాక మాత్రం ఆ నవ్వు ముఖం మీద నిలవలేదు. తనకు కొత్త రేడియేటరు పెట్టె కూడా చూపించలేదన్న విషయం నెలరోజుల తరువాత ఇప్పుడే తట్టినందుకు తన మీద తనకే చిరాకు కలిగింది.

ఆ రాత్రి భోజనాల వేళకు మరిది ఫోన్ చేశాడు.

"వదినా, బండెలా ఉంది? ముల్లు సగం దాటట్లేదు కదా?"

ఆమె చేయి గరిటె మీద ఆగిపోయింది. అడగవలసినవి ఎన్నో ఉండగా సరిగ్గా ముల్లు గురించే ఎందుకు అడిగాడు?

"బాగానే ఉంది" అంది.

"నెల దాటింది కదా, ఒకసారి తీసుకురండి. లోపల గాలి చిక్కుకునుంటే తీసేస్తాను. గంట పని."

"శుక్రవారం తర్వాత చూద్దాం."

"శుక్రవారం ఏముంది?"

"ఏం లేదు. పనులున్నాయి."

ఇంతలో ఫోన్ చెల్లెలు అందుకుంది. "అక్కా, మీ మేనేజరుకి చొక్కాలంటే ఇష్టమా? ఈయన రోజూ ఒకటి ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలిస్తున్నాడు, ఏ నిమిషంలో పిలుస్తారో అని. మా పెళ్లికి కూడా ఇంత తయారవలేదు, ముడతల చొక్కాతోనే తాళి కట్టేశాడు."

"నీ మొహం" అని వెనకనుంచి మరిది నవ్వడం వినిపించింది. కోడలికి ఆ నవ్వులో కూడా ఏదో అతికించినట్టు తోచింది. అనుమానానికి ఆ గుణముంది: అది చెవిలో చేరిన తరువాత మంచి మాట కూడా దాని గుండానే లోపలికి వెళ్లవలసి వస్తుంది.

రేపో మాపో రోగులను కూర్చోబెట్టి తిప్పే వ్యాన్లు. అతను నిజంగా పాత సామాను కొత్తదని అంటగట్టే మనిషైతే, మంచివాడని రాసివ్వడం నేరం. కాకపోతే, రాయకపోవడం నేరం. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవడానికి ఆమెకు నాలుగు రోజులున్నాయి. అతన్నే అడిగితే ఏం చెప్తాడో ఆమెకు తెలుసు, కొత్తదే అంటాడు. ఆ జవాబుతో ఏమీ తేలదు. కారును అడగాలనుకుంది.

మంగళవారం పొద్దున పాత పుస్తకాల దుకాణంలో తన కారు రకానికే చెందిన మరమ్మతు పుస్తకం దొరికింది. దాన్ని ఆమె పాఠ్యపుస్తకం చదివినట్టు రెండుసార్లు చదివింది. రెండోసారి పెన్సిల్‌తో. మొదటి పేజీల్లో ఉన్న జాగ్రత్తలను వేరే కాగితం మీద ఎక్కించి షెడ్డు గోడకు అంటించింది. ఇంజను పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టరాదు. బండి సమతలం మీద ఉండాలి, చక్రాల వెనక ఇటుకలు పెట్టాలి. ఇంజను ఆగి ఉన్నా ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు కాబట్టి ముందుగా బ్యాటరీ తీగ ఒకటి ఊడదీయాలి. ఇంజనును చల్లబరిచే ద్రవం, కూలెంట్, తీయగా ఉంటుంది, కానీ విషం. నేల మీద ఒలికితే కుక్కలూ పిల్లులూ నాకుతాయి.

ఒలికిన చుక్కలు పట్టడానికి మూతగల ఒక డబ్బా సిద్ధం చేసి, దాని నాలుగు వైపులా "విషం" అని రాసింది.

మామగారు షెడ్డు గుమ్మంలో నిలబడి చూశారు. "నాలుగు వైపులా ఎందుకమ్మాయ్? చదవడం వచ్చినవాడికి ఒక వైపు చాలు. రానివాడికి నలభై రాసినా అంతే."

"డబ్బా తిప్పి పెడితే?"

"నిన్ను మా బాయిలర్ దగ్గర పెట్టుకోవాల్సింది" అన్నారాయన, మెచ్చుకోలుగానే. జాగ్రత్తపడే మనుషులంటే ఆయనకు గౌరవం.

ఆ రాత్రంతా కారు ముందుభాగం కింద అట్టముక్క పరిచి ఉంచింది. బుధవారం పొద్దున తీసి చూస్తే ఒక్క మరక లేదు. అయినా రేడియేటరు పక్కనుండే తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ కనీస గీతకు రెండు వేళ్లు కిందనుంది. ఇంటి దగ్గర కారడం లేదు. రోడ్డు మీద పోతోంది.

అప్పటినుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. పైగొట్టం, కిందిగొట్టం వేళ్ల మధ్య వంచి చూసింది. రబ్బరు ఎక్కడా పగలలేదు. క్లిప్పులు బిగువుగానే ఉన్నాయి. రేడియేటరు రేకుల సందుల్లో టార్చి వేసి వరుసవరుసగా వెతికింది. పచ్చటి కూలెంట్ ఎండిన జాడ లేదు. నీటి పంపు కింద తడి లేదు. ఇంజను నడిపించి దూరంనుంచి చూస్తే ఫ్యాను వేళకు తిరిగింది. కిందిగొట్టం కొన్ని నిమిషాలకు వేడెక్కింది కాబట్టి వేడికి తెరుచుకునే కవాటం, థర్మోస్టాట్, పనిచేస్తున్నట్టే. ఆమె పుస్తకంలో ఒక్కొక్క భాగం పక్కన పెన్సిల్‌తో గీత కొట్టింది.

ఒకచోట మాత్రం ఆగింది. రేడియేటరు పైతొట్టి అంచున వేలి వెడల్పున ఏదో జిగురు పొర, దుమ్ము పట్టి బూడిదరంగుకు తిరిగి ఉంది. కొత్త సామాను మీద జిగురెందుకు? పగులు అతికించారా? పెన్సిల్ ఆ పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

గురువారం సాయంత్రం పని నుంచి రాగానే, ఇంజను ఇంకా వేడిగా ఉండగా, మందపాటి తోలు చేతిజోడు తొడుక్కుని పైగొట్టాన్ని మెల్లగా నొక్కింది. లోపల పీడనం ఉంటే ఆ గొట్టం గాలి నింపిన టైరులా గట్టిగా ఉండాలని పుస్తకం అంటోంది. చేతిజోడు లోపలినుంచి కూడా ఆమె వేళ్లకు సంగతి తెలిసిపోయింది. కండరాల బిగువును వేళ్లతో కొలవడమే ఆమె పని కదా. పక్షవాతం వచ్చిన కాలి పిక్కలా గొట్టం మెత్తగా లొంగిపోయింది.

పీడనం లేదు. పీడనాన్ని నిలబెట్టేది రేడియేటరు మూత.

శుక్రవారం తెల్లవారి, ఇంజను చల్లగా ఉండగా, గుడ్డ కప్పి మూత తిప్పి తీసింది. చూడడానికి కొత్త మూతే, రబ్బరు చక్రం నిగనిగలాడుతోంది. దాన్ని తిరగేసి పుస్తకంలోని బొమ్మ పక్కన పెట్టింది. బొమ్మలో స్ప్రింగుకు ఐదు చుట్లు. చేతిలో ఉన్నదానికి మూడున్నర. తెగిన కొస మెరుస్తోంది. అరిగి తెగింది కాదు, ఎవరో పనిగట్టుకుని కోసి నునుపు చేశారు.

ఆమె ఆ మూతతో వంటగది బల్ల దగ్గర కూర్చుని ఆలోచించింది. మూతలోని స్ప్రింగు గట్టిగా అదిమి పట్టినంతసేపే లోపల పీడనం నిలుస్తుంది. పీడనముంటే కూలెంట్ నూరు డిగ్రీలు దాటినా మరగదు. స్ప్రింగును కురచ చేస్తే మూత కొద్దిపాటి ఒత్తిడికే లేచిపోతుంది, కూలెంట్ మరిగి పక్క డబ్బాలోకి పొర్లి, అక్కడినుంచి రోడ్డు పాలవుతుంది. మరి ఎవరైనా అలా ఎందుకు చేస్తారు? జవాబు దానంతటదే వచ్చి కూర్చుంది. పగిలి, జిగురుతో అతికించిన పాత రేడియేటరుకు పీడనం తగిలితే అతుకు వారంలో విడిపోతుంది, దొంగతనం బయటపడుతుంది. పీడనమే లేకుండా చేస్తే అతుకు నిలుస్తుంది. ముల్లు సగం దాటుతుందేమోనన్న భయం మాత్రం మిగులుతుంది. అందుకే ఆ ఫోను. అందుకే "ఒకసారి తీసుకురండి".

ఒక్క వివరం కూడా మిగలకుండా అన్నీ సర్దుకున్నాయి. అంత చక్కగా సర్దుకున్నందుకే ఆమె నమ్మింది.

ఉత్తరం రెండుసార్లు రాసి, శుభ్రమైన ప్రతిని కవరులో పెట్టింది. "కొత్తదని చెప్పి ఆయన నా కారుకు వేసిన రేడియేటరులో లోపమున్నట్టు, ఆ లోపాన్ని కప్పిపుచ్చడానికి మూతలోని స్ప్రింగును కోసినట్టు నేను స్వయంగా పరిశీలించి గుర్తించాను. రోగులు ప్రయాణించే వాహనాలను ఆయనకు అప్పగించడం క్షేమం కాదని నా అభిప్రాయం." తొమ్మిదింటికి అది మేనేజరు బల్ల మీద ఉంది. ఆవిడ చదివి, కళ్లజోడు వదిలేసి, "కష్టమైన పని చేశారు" అన్నారు.

ఆ రోజు ఆమె రోగుల ఇళ్లకు ఆటోలో తిరిగింది. సాయంత్రం కొత్త మూత కొనడానికి విడిభాగాల దుకాణంలో ఆగింది. దుకాణదారు పాతదాన్ని దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఇదెవరు కోశారమ్మా? మెకానిక్ పని కాదిది."

"ఎలా చెప్పగలరు?"

"మెకానిక్‌కి ఇంత తీరిక ఎక్కడిది? కటింగ్ ప్లయరుతో ఒక్క నొక్కు నొక్కి వదిలేస్తాడు. వీడెవడో కోసి, ఆకురాయి పెట్టి కొస గుండ్రంగా అరగదీశాడు. నగ చేసినట్టు చేశాడు."

ఆ మాట ఆమెకు నచ్చలేదు. సర్దుకున్న వివరాల్లో ఒకటి కదిలినట్టయింది. అయినా మూత కొనుక్కుని ఇంటికి వచ్చి, రెండు మూతలనూ వరండాలో మామగారి ముందు పెట్టింది.

"చూడండి మామయ్యా. మీరన్నది నిజమే. స్ప్రింగు కోసేశాడు."

మామగారు కోసిన మూతను చేతిలోకి తీసుకున్నారు. ఆయన ముఖం విప్పారింది.

"కనిపెట్టేశావే! నెల పట్టింది నీకు."

"ఏమిటి కనిపెట్టింది?"

"దీన్ని. నేను కోసింది."

కోడలు కుర్చీ పట్టుకుంది. "మీరా?"

"నేనే. అతను రేడియేటరు వేసిన మర్నాడు నువ్వు ఇంటికొచ్చి, నాకు చూపిద్దామని బానెట్ ఎత్తి, వట్టి చేయి మూత మీద వేశావు. గుర్తుందా? నేను అరిచాను. నువ్వు నవ్వి, తిప్పనులే మామయ్యా అన్నావు. ఇవాళ తిప్పవు. రేపు ఆదమరిచి తిప్పితే? మా బాయిలర్ దగ్గర ఒకడు అలాగే తిప్పాడు. వాడి ముఖం నేను చూశాను, నువ్వు చూడలేదు. అందుకని ఇంజను చల్లారాక, నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు తీసి ఈ పని చేశా. ఇప్పుడు లోపల బలం ఉండదు. ఎవరు తిప్పినా ప్రమాదం లేదు."

"అందుకే మరుగుతోంది మామయ్యా!"

"మరిగితే ఏమైంది? నూరు దగ్గర మరుగుతుంది, ఆవిరి పోతుంది. తగ్గిన నీళ్లు పోసుకోవాలి. నలభై ఏళ్లు నేను చేసింది అదేగా."

"బాయిలర్ పుట్టిందే మరగడానికి. కారు మరక్కూడదు. మరిగితే ఇంజను పోతుంది."

ఆయన చేతిలోని మూతను మరోసారి తిరగేశారు. నలభై ఏళ్ల అనుభవంలో ఆ ఒక్క తేడా ఆయనకు ఎన్నడూ ఎదురుపడలేదు.

"మరి సోమవారం నేను ఆవిరి వచ్చిందని చెప్తే, ఆ అబ్బాయి మీద ఎందుకు చెప్పారు? పాతది వేశాడని ఎందుకన్నారు?"

"నేననలేదు. నువ్వన్నావు. నేను ఊఁ అన్నాను."

"మామయ్యా!"

"అతని రేడియేటరు మీద నాకు నిజంగానే అనుమానమమ్మాయ్. నా స్ప్రింగు మీద లేదు. నా పని మీద నాకు అనుమానం ఎందుకుంటుంది?"

ఆమె లేచి షెడ్డులోకి వెళ్లింది. కూలెంట్ నింపి, కొత్త మూత బిగించి, ఇంజను ఇరవై నిమిషాలు నడిపించింది. ఆయన నాలుగడుగుల దూరంలో, గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఇంజను ఆపి, చేతిజోడుతో నొక్కితే పైగొట్టం రాయిలా ఉంది. ఆమె టార్చి పట్టుకుని పైతొట్టి అంచంతా వెతికింది. ఒక్క తడి బొట్టు లేదు. పూర్తి పీడనాన్ని ఆ రేడియేటరు అవలీలగా తట్టుకుంటోంది. గంట తరువాత, చల్లారాక, బూడిదరంగు జిగురును గోటితో గీకింది. అది ఉల్లిపొరలా లేచి వచ్చింది, వెనక ఒక కాగితం ముక్క అంటుకుని, దాని మీద అచ్చు అక్షరాలు సగంసగం. కర్మాగారం నుంచి వచ్చినప్పుడు అంటించిన చీటీ. కింద ప్లాస్టిక్ నల్లగా, ఒక్క గీత లేకుండా ఉంది.

అప్పుడే ఫోన్ మోగింది. చెల్లెలు. ఈసారి హాస్యాలు లేవు, ఏడుస్తోంది.

"అక్కా, వద్దన్నారట. ఎందుకో చెప్పలేదు. ఈయన ఏమీ మాట్లాడట్లేదు, చొక్కా మడిచి పెట్టెలో పెట్టేశాడు. నీకేమైనా తెలుసా?"

"రేపు చెప్తాను" అంది కోడలు. ఫోన్ పెట్టేసి, కాగితం, పెన్ను తీసుకుంది.

శనివారం పొద్దున ఆమె రెండో ఉత్తరంతో మేనేజరు గదిలో నిలబడింది. ఆవిడ చదివారు, మొదటి ఉత్తరాన్ని కూడా ఫైల్లోంచి తీసి పక్కన పెట్టుకుని మళ్లీ చదివారు.

"నిన్నటిది ఇంజనీరు రాసినట్టుంది. ఇవాళ్టిది అక్క రాసినట్టుంది."

"ఇవాళ్టిదే నిజమండి."

"నిన్న కూడా నిజమనే ఇచ్చారు. మధ్యలో ఒక రాత్రి గడిచింది. చెల్లెలు ఏడ్చిందా?"

"ఏడ్చింది. కానీ ఇది రాసింది అందుకు కాదు."

"మీ మామగారే కోశారని రాశారు. ఇంట్లో పెద్దాయన మీద పెట్టేస్తే ఎవరికీ నష్టం లేదు. నేనైనా అదే రాసేదాన్ని."

ఆమెకు ముఖం మండింది. నాలుగు రోజులు తాను మరిదిని చూసిన చూపే ఇప్పుడు బల్లకు అవతలినుంచి తనను చూస్తోంది. ఏం చెప్పినా ఆ చూపు గుండానే వెళ్తుంది. ఆమె తలుపు తీసి, బయట బెంచీ మీద కూర్చున్న మామగారిని లోపలికి పిలిచింది. పొద్దున ఆమె వెంట కారెక్కి వచ్చారాయన. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషిలా మాత్రం లేరు.

"కూర్చోండి" అన్నారు మేనేజరు.

"అక్కర్లేదు. కోసింది నేను. ఆ అబ్బాయికి సంబంధం లేదు."

"ఎన్ని చుట్లు కోశారు?"

"చుట్టున్నర. ముందు ఒకటే కోశా. వేలితో నొక్కి చూస్తే ఇంకా బలంగా అనిపించింది. మరో సగం తీశా."

"కొస ఎందుకు అరగదీశారు?"

"పదునుగా ఉంటే అమ్మాయి వేలు తెగదూ?"

మేనేజరు రెండు ఉత్తరాలనూ పక్కకు జరిపారు. "అయితే తప్పయిందని ఒప్పుకుంటున్నారు."

"తప్పేముందమ్మా? కారు మరక్కూడదని మా అమ్మాయి అంటోంది, ఒప్పుకుంటా, అది నాకు తెలీదు. ఆ మేరకు అజ్ఞానం. కానీ చేయి కాలకూడదనుకోవడం తప్పెలా అవుతుంది? బలం ఉన్నచోట మూత పెట్టి, దాన్ని వేళ్లతో తిప్పేలా చేసినవాడిది తప్పు. వాడిని పిలిపించండి, వాడితో మాట్లాడతా."

"మామయ్యా" అంది కోడలు మెల్లగా.

"ఉండమ్మాయ్. ఇంకొకటి. మీ వ్యాన్ల మూతలు ఎవరైనా చూశారా? మీ డ్రైవర్లు వేడిగా ఉండగా తిప్పుతారా? నేను వచ్చేటప్పుడు మూడో వ్యాన్ దగ్గర ఒకడు గుడ్డ కూడా లేకుండా తిప్పబోతున్నాడు. అరిచి ఆపాను."

మేనేజరు కళ్లజోడు పెట్టుకుని ఆయన్ను కిందినుంచి పైకి ఒకసారి చూశారు. ఎన్నాళ్ల తరువాతో నవ్వినట్టు, నవ్వుకు ముఖం కొంచెం ఇబ్బంది పడింది.

"అబద్ధమాడడానికి వచ్చినవాళ్లు ఇంత పొగరుగా మాట్లాడరు" అన్నారు. తరువాత కోడలి వైపు తిరిగారు. "సోమవారం నుంచి రమ్మంటాను. మూడు నెలలు పని చూస్తాను. మీ ఉత్తరాలు రెండూ ఫైల్లోనే ఉంటాయి, నేను దేన్నీ చించను. కాబట్టి మొదటిదాంట్లో ఏముందో అతనికి మీరే చెప్పాలి. ఎప్పుడో ఫైలు తిరగేస్తుంటే అతని కంట పడకూడదు. ఇవాళే చెప్పండి."

బయటికి వచ్చాక మామగారు, "నేను కూడా రానా?" అని అడిగారు. ఆ గొంతులో పొగరు లేదు.

"వద్దు మామయ్యా. ఇది నేను రాసింది."

ఆయనను ఇంటి దగ్గర దింపి, ఆమె చెల్లెలి ఇంటి సందులోకి నడిచి వెళ్లింది. ఎవరిదో తెల్ల కారు జాకీ మీద కాదు, జాకీ పక్కన బలమైన ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది. దాని కిందనుంచి మరిది కాళ్లు కనిపిస్తున్నాయి. చక్రాల వెనక దిమ్మలున్నాయి. ఒలికిన కూలెంట్ మీద పొడి ఇసుక చల్లి ఉంది. మరమ్మతు పుస్తకం మొదటి పేజీల్లో చెప్పినవన్నీ, పుస్తకం లేకుండానే అక్కడున్నాయి.

"వదినా?" చెప్పులు చూసి గుర్తుపట్టాడు. చక్రాలున్న పలక మీద జారుతూ బయటికి వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "బండి తీసుకురాలేదే?"

"నీకు సోమవారం నుంచి ఉద్యోగం. మేనేజరు ఫోన్ చేస్తారు."

అతని ముఖంలోకి వెలుగు రాబోయింది. ఆమె ముఖం చూసి అది సగంలో ఆగింది.

ఆమె చెప్పింది. దేన్నీ తగ్గించకుండా, వరుసగా: సోమవారం ముల్లు, అట్టముక్క, జిగురు, మెత్తటి గొట్టం, స్ప్రింగు, తన ఊహ, ఉత్తరం. ఉత్తరంలోని వాక్యాలు గుర్తున్నవి గుర్తున్నట్టే చెప్పింది. తరువాత మామగారు కోసిన సంగతి. అతను చేతులు తుడవడం ఆపాడు.

"ఫ్యాను చూశారు" అన్నాడు.

"చూశాను."

"పంపు?"

"చూశాను."

"థర్మోస్టాట్ కూడా?"

"అదీ."

"నేను చేసినా ఆ వరుసలోనే చేస్తాను వదినా. ఒక్కటి కూడా వదల్లేదు మీరు." గుడ్డను నాలుగు మడతలు పెట్టి కారు రేకు మీద ఉంచాడు. "నేను ఫోన్ చేసినప్పుడు ముల్లు పైకెళ్తోందని ఒక్క ముక్క అనుంటే, మూత తీసి చూడమని అక్కడికక్కడే చెప్పేవాణ్ని. కొత్త రేడియేటరు వేశాక పేచీ వస్తే ముందు మూతే చూస్తాం. నన్నడగడం మీ పుస్తకంలో లేదు కాబోలు."

క్షమించమని అనబోతే ఆమెకు అది కూడా ఒక మూడో ఉత్తరంలా తోచింది.

లోపలినుంచి చెల్లెలు, "ఎవరూ, అక్కేనా? లోపలికి రమ్మను, ఆ ఎండలో నిలబెట్టావేంటి?" అని కేకేసింది.

"దానికి నేను చెప్తాను" అన్నాడతను గొంతు తగ్గించి. "ఉద్యోగం సంగతి. ఉత్తరం సంగతి చెప్పను. అది మిమ్మల్ని నాకంటే ఎక్కువ నమ్ముతుంది." మళ్లీ పలక మీద కూర్చున్నాడు, కిందికి వెళ్లబోతూ ఆగాడు. "ఇప్పుడు వేసిన మూత మీద ఒత్తిడి అంకె ఎంతుంది?"

ఆమె చెప్పింది.

"అదే సరైనది" అని కారు కిందికి జారిపోయాడు. రెంచీ చప్పుడు మళ్లీ మొదలైంది. ఆమె లోపలికి వెళ్లాలో వెనక్కి వెళ్లాలో తేల్చుకోలేక, ఇసుక చల్లిన చోటును తొక్కకుండా, ఎండలో కొంతసేపు నిలబడింది.